పాప ఏడుపు: హాజరు తప్పనిసరి

మా అమ్మాయికి ఆకలి వేసే వేళ ఏదని అడిగి, నేను చెప్పగానే మా బాస్ దాన్ని అందరి క్యాలెండర్లలో మీటింగ్‌గా పెట్టేశాడు. "పాప ఏడుపు: హాజరు తప్పనిసరి" అని ఫోన్‌లో వచ్చింది. రాయదుర్గంలో ఒక అద్దాల ఆఫీసు మేడ ఎక్కితే చాలు, జీవితం గట్టెక్కినట్టేనని నేను నమ్మిన కాలం అది.

రెండో కాన్పు తర్వాత దొరికిన ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. మా చిన్న కంపెనీ తయారుచేస్తున్నది పసిపిల్లల ఏడుపు విని కారణం చెప్పే యాప్. ఆకలా, నిద్రా, కడుపునొప్పా, అన్నీ ఫోనే చెప్పేస్తుందన్నమాట. తయారుచేసేవాళ్లంతా పెళ్లికాని కుర్రాళ్లు. పిల్లలున్నది నాకొక్కదానికే కాబట్టి యాప్‌కు పాఠం చెప్పే బాధ్యత నెలల పిల్ల అయిన మా అమ్మాయి మీద పడింది. అది ఏడ్చినప్పుడల్లా రికార్డు చేసి, కారణం రాసి పంపేదాన్ని. మదీనాగూడలోని మా ఇంట్లో పిల్ల నోరు తెరిస్తే చాలు, మా అత్తమ్మ "ఆకలైతుందేమో, జర పాలియ్యి" అనేది. ఇస్తే ఊరుకునేది. దాంతో పంపినవన్నీ ఆకలి ఏడుపులే అయ్యాయి. ఒక్క పిల్లతో ఎలా సరిపోతుందని బాస్‌ను అడిగాను కూడా. "ముందు మార్కెట్లోకి వదులుదామండి, అదే నేర్చుకుంటుంది" అన్నాడు. (పిల్లల పెంపకం మీద కూడా ఆయన అభిప్రాయం ఇదే అయ్యుంటుంది.)

"ఆ మీటింగ్‌కు పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తున్నారండి, లైవ్ ఏడుపు కావాలి. ఆ పూట పాలు కాస్త ఆలస్యం చేయండి. ఇది గట్టెక్కితే మీ ఉద్యోగం పర్మనెంట్, నాది పూచీ" అన్నాడు. ఇంట్లో చెబితే అత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పిల్లను ఏడిపియ్యనీకి తీస్కపోతున్నవా? గిదేం నౌకరి?"

"నౌకరి కాదత్తమ్మా, ప్రొడక్టు."

"ప్రొడక్టో గిడక్టో! నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ గిట్లనే పెంచిందా?"

ఆ రోజు హాల్లోకి పిలిచే ముందు పిల్ల పెదవి విరిచి నా వైపు చూసింది. (ప్రొబేషన్‌కు అలా విరవడానికి పెదవులుండవు.) మా ఆఫీసులో పాలిచ్చే గది ఉండదు కదా, సర్వర్లు పెట్టిన చల్లటి గదిలో నేల మీద కూర్చుని కడుపునిండా పట్టించాను. తర్వాత వేదిక మీద ఆ పిల్ల అందరికీ బోసినవ్వులు పంచింది. బాస్ దాని చేతిలోంచి గిలక్కాయ లాక్కున్నాడు. అది ఆయన టై పట్టుకుని ఇంకా గట్టిగా నవ్వింది. ఆయన చెమటలు తుడుచుకుంటుండగా మైకు కీచుమంది. పిల్ల జడుసుకుని గుక్కపట్టి ఏడ్చింది. తెర మీద పెద్ద అక్షరాలతో "ఆకలి" అని వచ్చింది. చప్పట్లు!

ముందు వరుసలో పెట్టుబడి పెట్టేవాళ్ల మధ్య కూర్చున్న పెద్దావిడ చప్పట్లు కొట్టలేదు. "పాప ఎప్పుడు తాగిందమ్మా?" అని నన్నడిగింది. బాస్ కళ్లతోనే బతిమాలాడు. నా ఉద్యోగం మొత్తం ఆ జవాబులో ఉంది. "ఇప్పుడేనండి, కడుపునిండా" అన్నాను. హాలంతా నవ్వింది, ఆయన తప్ప.

"మీకు ప్రొడక్ట్ మీద నమ్మకం లేదండి" అని సాయంత్రమే నా ఐడీ కార్డు తీసుకున్నాడు. (ఆ యాప్ తర్వాత మార్కెట్లోకి వచ్చింది కూడా. ప్రకటనలో నవ్వుతున్నది మా అమ్మాయే. మమ్మల్ని ఎవరూ అడగలేదు.) పర్మనెంట్ అనే మాటను అంతగా నమ్మిన అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, నవ్వాక కాస్త మండుతుంది.

కార్డు తీసుకున్న మర్నాడు పొద్దున, చెల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న, బడికెళ్లే మా పెద్దాడు "ఇగ ఆఫీసుకు పోవా అమ్మా?" అన్నాడు.

"మా ప్రొడక్ట్ సరిగా పనిచేయలేదు నాన్నా, అందుకని నన్ను ఇంటికి పంపేశారు."

"గట్లైతే దాన్నే ఇంటికి పంపాలె గదా?"

"దాన్ని చాలా ఇళ్లకు పంపుతారట," అన్నాను ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని. "నాకే, ఈ ఒక్క ఇల్లు."