అడ్డగీత మరిచిన తాతయ్య

ఊరి నీళ్ల ట్యాంకు పక్క గదిలో తాతయ్య ఉద్యోగం. క్లోరిన్ కలిపాక గంటగంటకూ క్రిములెన్ని మిగులుతాయో ఎక్సెల్‌లో, రెట్లకు రెట్లు పెంచే, తగ్గించే ఎక్స్‌పొనెన్షియల్ ఫార్ములాతో లెక్కేస్తాడు. ప్రతి అంకెనూ వేలితో తాకుతూ, పెదవులు కదుపుతూ చదువుతాడు. ఇవాళ ఆ వేలు ఆగిపోయింది. పొద్దుటి వంద క్రిములు సాయంత్రానికి నలభై లక్షలట! "అమ్మో, ఊరంతా తాగుతోందే!" అంటూ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి వాల్వు కట్టేశాడు. అన్నం తెచ్చిన నేను, లెక్కల్లో మూడుసార్లు తప్పినదాన్ని, తెర చూసి, "నిన్న ఇక్కడో అడ్డగీత ఉండేది కదా తాతయ్యా?" అన్నాను. మైనస్ పెట్టగానే అంకెలు సున్నాకి జారాయి. నేను పకపకా నవ్వాను. ఆయన మాత్రం ట్యాంకు నీళ్లు గ్లాసెడు పట్టుకుని గటగటా తాగి కూర్చున్నాడు.

"వాల్వు తిప్పవేం? ఊరు తిడుతోంది."

"ఆగవే! ముందు నా కడుపు సంగతి తేలనీ."