తడిపి రుద్దాల్సిన బండ

పోయిన సోమవారం పొద్దున ఆరున్నరకు మేస్త్రి కూతురు ఫోన్ చేసింది. "నాయన పోయినాడు సారూ" అంది. ఎన్నింటికి అని అడిగాను. ముప్పై ఏళ్ళు విలేకరిగా పనిచేసినవాడి నోటికి ముందు వచ్చే ప్రశ్న అదే. "ఐదింటికి. టీ పెట్టమన్నాడు. పెట్టేలోపల పోయినాడు" అంది.

ఉరవకొండ అవతల పల్లెలో ఉండే కాంక్రీటు మేస్త్రి పోతే అది వార్త కాదు. నేను పత్రిక డెస్కులో ఉన్నా వేసేవాణ్ణి కాదేమో. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వంటింట్లో స్టవ్వు పెట్టుకునే గట్టు మీదికి అందరూ నల్లబండో గ్రానైటో కొంటారు. ఆయన కాంక్రీటుతో బండ పోసి, నునుపుగా రుద్ది, తెచ్చి బిగించేవాడు. శెనక్కాయ పంట వరసగా పోయాక నేర్చుకున్న పని అది. ఇరవై ఏళ్ళు చేశాడు.

నాలుగేళ్ళ కిందట మా ఇంటి నల్లబండ స్టవ్వు దగ్గర పగిలితే ఆయన్ని పిలిచాను. అప్పుడే ఉద్యోగం మానేశాను. కరువు గురించి రాసి రాసి విసిగిపోయి, చేత్తో చేసే పని ఏదైనా నేర్చుకోవాలని ఉండేది. బండ నేనే పోస్తాను, నువ్వు పక్కన నిలబడి చెప్పు అన్నాను. ఆయన నా చేతులు చూసి, "నిలబడేదానికి నాకేం కష్టమప్పా" అన్నాడు.

గట్టు ఎత్తు ముప్పైరెండు అంగుళాలని కాగితం మీద రాసిపెట్టుకున్నాను.

"యాడిది ఈ కొలత?"

"ఫోన్లో చూశాను."

"ఫోను సంగటి గెలుకుతాదా?" అని మా ఆవిడను పిలిచాడు. "అక్కా, తెడ్డు పట్టుకోని ఈడ నిలబడు. కుండలో సంగటి ఉండాదనుకో. గెలుకు."

ఆమె నవ్వుతూనే రెండు చేతులతో తెడ్డు తిప్పింది. భుజాలు చెవుల దాకా లేచాయి. "ఇన్నేండ్లూ కుండ కిందికి దించుకోనే గెలికినా. మీ రిపోర్టరుకు తెలీదులే" అంది.

నిజమే. ముప్పై ఏళ్ళుగా ఆ సంగటి తింటున్నాను. నాకు తెలియదు. మేస్త్రి స్టవ్వు ఉండే భాగాన్ని ఆరంగుళాలు కిందికి దించి, దానికొక బండ, సింకు వైపుకు ఇంకో బండ అని లెక్క వేశాడు.

బండను బోర్లా పోస్తారు. పైకి కనబడాల్సిన ముఖం ప్లైవుడ్ పెట్టె అడుగున ఉంటుంది. గట్టిపడ్డాక తిరగేస్తారు. ఈ సంగతి విని, తలూపి, సింకు రంధ్రం కోసం పెట్టే చెక్క ముక్కను నేను ఎడమ వైపే బిగించాను. మా సింకు ఎడమ వైపు గోడ దగ్గర ఉండాలి కాబట్టి. ఆయన నేను చివరి మేకు కొట్టేదాకా వక్కాకు నములుతూ కూర్చుని, అప్పుడు అడిగాడు.

"తిరగేస్తే యాడికి పోతాదప్పా నీ సింకు?"

ఆలోచించాను. స్టవ్వు పక్కకు పోతుంది.

"మంచిదేలే. ఇల్లంటుకుంటే నీళ్ళు దగ్గరుంటాయి."

మేకులు పీకి, ముక్కను కుడి వైపుకు మార్చాను. మాలు కలిపేటప్పుడు ఇంకో తప్పు చేశాను. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, రెండు పాళ్ళు సన్న కంకర. పార తిరగడం కష్టమై నీళ్ళు ఎక్కువ పోశాను. ఆయన ఒక పిడికెడు తీసి చూపించాడు. వేళ్ళ సందుల్లోంచి కారింది. "సంగటి చెయ్యమంటే అంబలి చేస్తివే. ముద్ద నిలబడల్లప్పా. నీళ్ళెక్కువైతే పోసేది సుఖం, ఎండినాక పగుల్లు." ఇంకా పొడి సిమెంటు, ఇసుక, కంకర పోయించి మళ్ళీ కలిపించాడు. మాలును పెట్టెలో సగం నింపి, సన్న కమ్మీల జల్లెడ పరిచి, మిగతా సగం పోశాం. గాలి బుడగలు పైకి వచ్చేదాకా పెట్టెను చుట్టూ చెక్క సుత్తితో తట్టమన్నాడు. నా భుజం లాగింది. ఆయన వేరే వైపు చూస్తూ, చప్పుడును బట్టి ఎక్కడ తట్టలేదో చెప్పేవాడు.

వారం రోజులు తడి గోనెసంచులు కప్పాం. ఎనిమిదో నాడు నలుగురం పట్టి తిరగేశాం. ఇక రుద్దడం మిగిలింది. రుద్దే మిషన్‌కు నీళ్ళ గొట్టం తగిలించే చోటు ఉంటుంది. నీళ్ళు పారుతూ ఉంటే దుమ్ము లేవదు, బురదై కిందికి పోతుంది. ఆయన మిషన్ గొట్టం ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది.

"ఎన్ని బిందెలుండాయక్కా?" అని మా ఆవిడను అడిగాడు. కొళాయి వచ్చి ఆరు రోజులైంది.

"రెండే ఉండాయి. తాగేటివి."

"అయితే వద్దులే."

తువ్వాలు ముక్కుకు కట్టుకుని మిషన్ వేశాడు. కాసేపటికి పెరట్లో ఆయన కనబడలేదు, చప్పుడే వినిపించింది. ఆపినప్పుడు కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. దుమ్ము లోపలికి పోదా అని అడిగాను.

"పోతాది. నీళ్ళయితే ఆడోళ్ళు మోసుకురావల్ల. గాలి ఎవురూ మోసే పన్లేదు కదప్పా."

మంచి మాట అనిపించి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మిషన్ ఆపమని మాత్రం అనలేదు.

రెండేళ్ళ కిందట దగ్గు మొదలైంది. బీడీ కూడా తాగని మనిషి. అనంతపురం తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ చూసి, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, అది ఇక బయటికి రాదని చెప్పాడు. ఒక్క ఇంటి దుమ్ముతో ఇలా కాదు, ఇది ఏళ్ళ తరబడి పేరుకున్నదన్నాడు. ఆ ఏళ్ళలో మా ఇల్లూ ఒకటి.

ఆ తర్వాత మేస్త్రి పని ఆపాడు. పదేళ్ళుగా తనతో పనిచేస్తున్న కూతురి చేతికి మిషన్ ఇచ్చాడు. ఇచ్చేముందు కవరు చించి గొట్టం తగిలించాడు. వాకిట్లో రెండు నీలం డ్రమ్ములు పెట్టించి మూతలు వేయించాడు. ఆ నీళ్ళు రుద్దడానికే. మంచం మీద కూర్చుని కాపలా కాసేవాడు. బంధువులొచ్చి చెంబు ముంచబోతే కసిరేవాడు.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. నాలుగు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"ఇంత దూరమొచ్చి అలిసినావప్పా?"

"అలిశాను."

"నేనూ." ఊపిరి తీసుకుని, వాకిట్లో ఉన్న కూతురి వైపు చూశాడు. "పాపను చూస్తాండు. బండలు పోయించుకునే పార్టీలు తొందర పెడతారు. ఒక్కతూరి పొడిగా రుద్దిందంటే ఇంగ రోజూ రుద్దుతాది."

చూస్తానన్నాను. నాతో ఆయన అన్న చివరి మాట అదే.

సోమవారం నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. వారానికోసారి వచ్చే కొళాయి ఇంకా రాలేదు. శవానికి స్నానం చేయించాలి, వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవాలి. పెద్దాయన ఒకరు డ్రమ్ముల వైపు చూశాడు. కూతురు కూడా చూసింది. లేచి తనే రెండు మూతలూ తీసింది. మధ్యాహ్నానికి రెండూ ఖాళీ.

మూడోనాటి కార్యమైన మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాను. గోడకు ఒక బండ ఆనించి ఉంది. పోసి, తిరగేసి, రుద్దకుండా ఆగినది. ఆ బండ చేయించుకుంటున్న మనిషి మోటారు సైకిల్ దిగి, ముందు మర్యాదగానే పలకరించాడు. తర్వాత అడిగాడు.

"ఎల్లుండి ఇంట్లో చేరల్లమ్మా. బండ ఏమాయె?"

"నీళ్ళు రాలేదన్నా. వచ్చినాక రుద్దుతా."

"పొడిగానే రుద్దియ్యి. మీ నాయనైతే అట్లే చేసిచ్చేవాడు కదా."

"చేసిచ్చినాడు. అందుకే పోయినాడు."

అతను నా వైపు చూశాడు, ఏమైనా చెప్తానేమోనని. నేను చెప్పాల్సింది ఆమె చెప్పేసింది. ఇంకొకరి దగ్గర రుద్దించుకుంటానన్నాడు. "తీస్కపో అన్నా" అంది. ఆ బండ ఒక్కడు ఎత్తేది కాదు. మోటారు సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వీధిలో బిందెల చప్పుడు మొదలైంది. ఆమె పైపు లాగి, ఒక కొన కొళాయికి బిగించి తిప్పింది. ముందు గాలి వచ్చింది. బుస కొడుతూ, ఆగుతూ, మళ్ళీ కొడుతూ, చాలాసేపు గాలే వచ్చింది. ఆమె రెండో కొనను డ్రమ్ములో పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, లోపలికి చూస్తూ నిలబడింది.