మడకె అంటే మడకే

కళ్ళు మూసుకుంటే చాలు, ఆ తడిమట్టి వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. పెనుకొండలో కొండ దిగువన ఒక పాత బడి ఉండేది. ఎండాకాలం సెలవుల్లో మూసే ఉంటుంది కాబట్టి, పిల్లలకు మట్టిపనీ చేతిపనులూ నేర్పే శిబిరానికి దాన్ని మాకిచ్చారు. అరవైల తొలి రోజులవి. నేను హిందూపురంలో ఆడపిల్లల బడిలో చేతిపనుల టీచర్ని. పెళ్ళి కాలేదు, బుద్ధి కుదురుగా లేదు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఎండకు తాళలేక ఊళ్ళో పెద్దవాళ్ళంతా తలుపులు వేసుకుని పడుకునే వేళకు, ఒక గదినిండా పిల్లలూ నేనూ మోచేతుల దాకా బురద పూసుకుని కూర్చునేవాళ్ళం.

ఆ మధ్యాహ్నాలు ఎంత మెల్లగా నడిచేవో ఏం చెప్పమంటారు! పెంకుల సందుల్లోంచి ఎండ చిన్నచిన్న బిళ్ళలుగా నేల మీద పడి, చూస్తుండగానే పిల్లల వీపుల మీదికి ఎక్కేది. ధర్మవరం పిల్లలు వాళ్ళ ఇళ్ళలో మగ్గాల కింద రాలిన పట్టుదారం ముక్కలు సంచుల్లో తెచ్చేవాళ్ళు. కిటికీలోంచి ఒక్కసారి గాలి కొడితే ఎర్రవీ పచ్చవీ దారాలు లేచి గదంతా తిరిగేవి. తడిమట్టికి అంటుకున్న దారం ఒక పట్టాన ఊడదు. ఆ ఏడాది మా బొమ్మలన్నిటికీ ఎక్కడో ఒకచోట పట్టు అంటుకునే ఉండేది. దూరంగా రైలు కూత వినబడితే పనిచేస్తున్న చేతులన్నీ ఆగి, ఆ చప్పుడు పోయేదాకా విని, మళ్ళీ కదిలేవి. నేనూ ఆగేదాన్ని. ఆ రైలు ఎక్కడికి పోతోందో మాలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మా ఊరు అమరాపురం పక్కన. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. రెండు భాషలూ నా నాలుక మీద ఒకే మంచంలో పడుకున్న అక్కాచెల్లెళ్ళలాగా ఉండేవి. ఎవరి దుప్పటి ఎవరు లాగుతారో తెలిసేది కాదు. ఒకరోజు మంచి నిద్రమత్తులో ఉండి, "ఈ పొద్దు అందరూ తలా ఒక మడకె చేయండి" అనేశాను. మా ఇంట్లో మడకె అంటే కుండ. తెలుగు పిల్లలకు మడక అంటే పొలం దున్నే నాగలి. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఆ నిమిషానికి తట్టలేదంతే.

"మడకా, టీచరమ్మా?" అన్నారెవరో.

"మడకే! చెవుల్లో దూది పెట్టుకున్నారా?" అని కసిరాను. ఇంక అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

కాసేపటికి లేచి చూద్దును కదా, సగం గదిలో కుండలు, సగం గదిలో నాగళ్ళు! సరిహద్దు ఊళ్ళ పిల్లలు కుండలు చేస్తున్నారు, మిగతా పిల్లలు నాగళ్ళు చేస్తున్నారు. ఒకరి పని ఒకరు దొంగచూపులు చూసుకుంటూ, టీచరమ్మ ఎవరిని తిడుతుందోనని బిక్కచచ్చి ఉన్నారు. నాకు నవ్వాగలేదు. నేను నవ్వేసరికి గదంతా విరగబడి నవ్వింది. నాగళ్ళు చేసినవాళ్ళు వాటిని ముద్ద చేసేసి మళ్ళీ కుండలకు కూర్చున్నారు. లేపాక్షి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం తన నాగలిని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

పదేళ్ళుంటాయి. తల్లి లేదు. మెట్టసేద్యం చేసే నాయన, ఆయన్ని కన్న చూపులేని అవ్వ, అంతే ఇల్లు. వంటావార్పూ ఈ పిల్లే. శిబిరం ఉన్నన్నాళ్ళూ మేనత్త వచ్చి వండిపెడుతోందట. ఊళ్ళో బడి ఐదో తరగతితో ఆఖరు. హిందూపురంలో మా బడి పక్కన ఆడపిల్లల హాస్టలు ఉందని విని, అందులో చేర్చమని ఇంట్లో పోరుపెట్టింది. "ముందు ఆ శిబిరానికి పో. ఏం నేర్చుకున్నావో కడపటి రోజు వచ్చి చూస్తా. అప్పుడు చెప్తా" అన్నాడట నాయన. ఇదంతా నాకు చెప్తున్నంతసేపూ ఒళ్ళోని నాగలిని వదల్లేదు.

"అట్లయితే మంచి కుండ ఒకటి చెయ్యవే. మీ నాయన చూసి సంతోషపడతాడు" అన్నాను.

"కుండ చూస్తే, నీళ్ళు మొయ్యను పనికొస్తాది, ఇంట్లోనే ఉండనీ అంటాడు టీచరమ్మా."

 

"ఆడపిల్ల మడక పడితే వాన రాదంట" అంది పక్కనున్న ధర్మవరం పిల్ల ఒకతె. వెంటనే ఆమె ముఖాన మట్టిముద్ద పడింది. ఎవరు విసిరారో నేను చూడలేదన్నాను. చూశాను.

అసలు చిక్కు వేరే ఉంది. కుండ పలచగా, లోపల ఖాళీగా ఉంటుంది కాబట్టి కాలుతుంది. దిమ్మలాంటి మట్టిని కుమ్మరి ఆవంలో పెడితే లోపలి తేమ బయటికి రాలేక పేలిపోతుంది. ఆ పిల్ల నాగలి దిమ్మే. దాన్ని నిలువునా కోసి, లోపల తవ్వి, మళ్ళీ అతికిద్దామన్నాను.

"డొల్ల మడక యాడన్నా ఉంటాదా? అది భూమిలో దిగుతాదా?"

"ఇది మట్టి బొమ్మే తల్లీ! దీంతో నువ్వు దున్నేదేముంది?"

"మా నాయనకు తెలిసిపోతాది."

నాకు ఒళ్ళు మండింది. "పేలిపోతే ఏడ్చుకుంటూ నా దగ్గరికి రావద్దు" అన్నాను. "రాను" అంది. అబ్బ, ఏం మొండిఘటం! నన్ను మించింది. చివరికి, అడుగువైపు చీపురుపుల్లతో సన్నటి బెజ్జాలు పొడవడానికి ఒప్పించాను, తేమ అందులోంచి పోతుందని. "చెదలు తిన్నట్టుంటాది" అని గొణిగింది కానీ పొడవనిచ్చింది.

నాగలిని నీడలో ఆరబెట్టాం. మధ్యాహ్నం పిల్లలంతా పని మధ్యలోనే ఎక్కడివాళ్ళక్కడ నిద్రపోయేవాళ్ళు. ఈ పిల్ల నాగలి పక్కనే, దాని మీద చెయ్యేసి పడుకునేది. వేళ్ళ మీది మట్టి ఎండి తెల్లగా మారుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. బయట వేపపూలు రాలుతుండేవి. చేతి కింద మట్టి ఆరుతోందో, పిల్ల కల కంటోందో, నేనే కంటున్నానో తెలియని మత్తు. అంత సుఖంగా నేను మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు. అయినా నాగలి వైపు చూసినప్పుడల్లా, దేవుడా, ఇది పేలకూడదు, ఈ పిల్ల బడికి రావాలి అని ఊరికే అనుకునేదాన్ని.

ఊరి కుమ్మరి తన కుండలతో పాటు మా వాటికీ ఆవంలో చోటిచ్చాడు. పొద్దున్నే బూడిద తీసి విప్పుతుంటే అందరం చుట్టూ మూగాం. కొన్ని కుండలకు నెర్రెలు. అడుగున నాగలి. పేలలేదు! కానీ చేత్తో పట్టుకునే మేడి విరిగి విడిగా పడి ఉంది. ఆ పిల్ల రెండు ముక్కలూ తీసుకుని, ధర్మవరం పిల్లల దగ్గర ఎర్ర పట్టుదారం అడిగి, విరిగిన చోట చుట్టూ బిగించి కట్టేసింది. 

కడపటి రోజు నాయన వచ్చాడు. పొడుగాటి మనిషి, తలపాగా, చెప్పులు చేత్తో పట్టుకుని గదిలోకి వచ్చాడు. వరసగా పెట్టిన కుండలన్నీ దాటుకుంటూ పోయి నాగలి ముందు ఆగాడు. గొంతుకూర్చుని దాన్ని ఎత్తి, కర్రు పదును చూస్తున్నట్టు బొటనవేలితో తడిమాడు.

"ఎవరు చేసిండేది?"

"నేనే నాయనా."

"మేడికి పట్టుదారమా! ఏం దొరసాని సేద్యమే నీది?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఆడబిడ్డ మడక పట్టగూడదు గదమ్మా. మా అమ్మకు తెలిస్తే గడప తొక్కనియ్యదు" అన్నాడు.

 "చూడప్పా, తప్పు నాది. నేను మడకె అన్నది కుండను. పిల్లకు తెలీక..." అని గబగబా ఏదేదో చెప్పబోయాను.

"నువ్వు సుమ్మనుండమ్మా" అని చెయ్యెత్తి నా మాట ఆపాడు. "మా అమ్మకు నేనేమన్నా ఒకటి చెప్పల్ల గదా. మడక పట్టిండాది, ఇంటికి తోలుకొస్తే వాన రాదు, అందుకే హాస్టల్లో వేసొచ్చినా అని చెప్తా. ఇంక నోరెత్తదు."

అర్థం కావడానికి నాకు కాస్త సేపు పట్టింది. ముఖం అట్లాగే బిగించుకుని ఉన్నాడు కానీ కళ్ళు నవ్వుతున్నాయి. నేను పకపకా నవ్వాను, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఆ పిల్లయితే గదిలో ఉన్న ప్రతివాళ్ళ దగ్గరికీ పోయి, "నేను హాస్టలుకు పోతాండా, హాస్టలుకు పోతాండా" అని చెప్పి వచ్చింది. బడి తెరిచేదాకా నా దగ్గరే ఉండనిమ్మన్నాను. ఆయన సరేనన్నాడు.

సాయంత్రం ఆయన్ని బస్సెక్కించడానికి వెళ్ళాం. దారి పొడుగునా ఈ పిల్ల గంతులే. ఆయన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇంజను చప్పుడు మొదలయ్యేసరికి పిల్ల గంతులు ఆగిపోయాయి. నా చీరకొంగు పట్టుకుంది.

"టీచరమ్మా, అత్త రేపు వాళ్ళూరికి ఎల్లిపోతాది. అవ్వకు పొయ్యి కనపడదు. నాయనకు సంగటి ఎవరు కెలుకుతారు?"

ఆయన విన్నాడో లేదో, ముఖం అటువైపు తిప్పుకున్నాడు. బస్సు కదిలింది. పిల్ల దాని వెనకాల పరుగెత్తబోయి, నాలుగడుగులు వేసి, తనంతట తానే ఆగిపోయింది.