మలకీ పూడ్చిన గొయ్యి

మా మలకీ చేతికి పార ఇవ్వకండి. ఇస్తే రోడ్డు మీద గొయ్యి ఎక్కడుందా అని వెతుకుతాడు.

వాగుకి ఇవతల, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో ఆయన ఇల్లు. అవతల, ఐర్లండ్‌లో వాళ్ళ అక్క అట్రాక్టా ఇల్లు. పోసిన టీ చల్లారేలోగా వెళ్ళి రావచ్చు. గొడవల రోజుల్లో, తుపాకులవాళ్ళు సరిహద్దు దాటకుండా బ్రిటిష్ సైన్యం ఆ రోడ్డుని పేల్చి గోతులు చేసేది. ఆదివారం ప్రార్థన కాగానే ఊరంతా పారలతో వెళ్ళి పూడ్చేవాళ్ళం. వాళ్ళు మళ్ళీ పేల్చేవారు. అలా రోడ్డు తెగి ఉన్నప్పుడే అవతల ఉన్న తల్లికి ప్రాణం మీదికొచ్చింది. మలకీ చుట్టూ తిరిగి చేరేసరికి ఆమె పోయింది. ఆ మాట ఆయన ఎత్తడు, మేమూ ఎత్తము.

తర్వాత రోడ్డు తెరిచారు. సరిహద్దు ఉందన్న సంగతే మర్చిపోయాం. ఇప్పుడు బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ని వదిలి పోతానంటోంది. ఆ చర్చలు సరిగ్గా మా వాగు దగ్గరికొచ్చి, ఇక్కడ మళ్ళీ తనిఖీలు పెట్టాలా వద్దా అని మొరాయించాయి. రోజూ టీవీలో కోట్లేసుకున్నవాళ్ళు బయటికొచ్చి, ఏమీ తేలలేదని చెప్పి వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండేది. మలకీ మాత్రం పారకి పదును పెట్టుకునేవాడు.

మార్చిలో ఒకరోజు చూస్తే వంతెన పక్కన రోడ్డు అడ్డంగా తవ్వి ఉంది. పనివాళ్ళు భోజనానికి వెళ్ళారు. మలకీ పూడ్చడం మొదలెట్టాడు. ఆయన్ని చూసి నేను, నన్ను చూసి ఇంకొందరు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

మేస్త్రీ ఫింటన్ తిరిగొచ్చి నెత్తి పట్టుకున్నాడు. "అయ్యో పెద్దాయనా! నీళ్ళ పైపు కోసం తవ్వుకున్నాం. పొద్దుట్నుంచీ నడుములు పడిపోయాయి!"

అవతలి గట్టు మీద అట్రాక్టా ఒకటే నవ్వు. "ఒరేయ్ మలకీ, ఆ పైపు మా ఇంటికేరా! నీళ్ళు రాక చస్తున్నా ఇక్కడ."

అందరం నవ్వాం, పారలు వెనక్కి దాచుకుంటూ. మలకీ నవ్వలేదు.

"సరే, తవ్వుకోండి. మళ్ళీ పూడ్చేదెప్పుడు?"

"రేపు."

"అప్పుడు సైన్యంవాళ్ళూ రేపు తెరుస్తామనే అన్నారు."

ఫింటన్ పార చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ళ తాత కూడా మాతో ఆ గోతులు పూడ్చినవాడే.

"ఈరోజే పూడ్చేస్తాంలే."

మలకీ కుర్చీ తెచ్చుకుని అక్కడే కూర్చున్నాడు. మేమూ తలో చెయ్యి వేశాం. పైపు పడింది, పొద్దు వాలేలోగా గొయ్యి నిండింది. అప్పుడు మలకీ లేచి, మెత్తటి మట్టి మీద మెల్లగా అడుగులేస్తూ అవతలికి వెళ్ళాడు.

"ఏంట్రా, ఏమన్నా కావాలా?" అంది అట్రాక్టా.

"ఏం లేదక్కా. ఊరికే వచ్చా."

ఆవిడ ఇక నవ్వలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.