మా మేడ మీది కరెంటు

రెండేళ్ల క్రితం నందిగామలో గాలివానకు స్తంభం దగ్గర మా ఇంటి సర్వీసు వైరు తెగింది. లైన్‌మన్ మస్తాన్ వచ్చి, "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసేశానండి, భయం లేదు" అంటూ స్తంభం ఎక్కాడు.

వీధంతా ఉక్కపోత. మా ఇంట్లో మాత్రం ఫ్యాను తిరుగుతోంది. కరెంటు కోతల్లోనూ మేడ మీది సోలార్ పనిచేయాలని పట్టుబట్టి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో బ్యాటరీని అడ్డదారిలో కలిపించింది నేనే. ఆ కరెంటు తిరిగి బయటి వైర్లోకి పోతుందని నాకు తెలియదు.

పెద్ద కేక వినిపించింది. పరుగెత్తుకెళ్లేసరికి మస్తాన్ కింద పడి ఉన్నాడు, చెయ్యి కాలిపోయింది. లోపల మా ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది.

బతికాడు. రెండు వేళ్లు తీసేశారు. మొన్న మళ్లీ మా వీధికి వచ్చి, స్తంభం ఎక్కకుండా గేటు దగ్గరే ఆగాడు.

"మీది ఆపారా అమ్మా?"

ఆ బ్యాటరీ ఆనాడే పీకించేశానని చెప్పాను. అయినా మా మేడ వైపే చూస్తున్నాడు. నమ్మమని అడిగే మొహం నాకు లేదు.