కృతజ్ఞతల్లో ఒక పేరు

శోభారాణిది పుంగనూరు దగ్గర చౌడేపల్లె. తల్లి ఆదెమ్మ డెయిరీకి పాలు పోసి చదివించింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక శోభారాణి ఒక విశ్వవిద్యాలయంలో రామచంద్రప్ప అనే ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీలో చేరింది.

పనంతా కంప్యూటర్ మీదే. ఫార్మాల్డిహైడ్ అణువు ఎలా తిరుగుతుందో, దాని బంధాలు ఎలా కంపిస్తాయో లెక్కగట్టి, ప్రయోగశాలల్లో కొలిచిన అంకెలతో సరిచూడాలి. ప్రొఫెసర్ రాసిన ప్రోగ్రాం తిరగడాన్ని వేరుగా, కంపనాన్ని వేరుగా లెక్కవేసి కలిపేది. అణువు వేగంగా తిరిగేకొద్దీ లెక్క తప్పుతోందని మూడో ఏడాది శోభారాణి పట్టుకుంది. తిరిగేటప్పుడు బంధాలు సాగుతాయి, సాగితే కంపనం మారుతుంది. రెంటినీ విడదీస్తే కుదరదు. పద్నాలుగు నెలలు కూర్చుని ప్రోగ్రాం మళ్లీ రాసింది. అంకెలు కలిశాయి.

ఆ అంకెల పట్టికలున్న కాగితాలను రామచంద్రప్ప అటూ ఇటూ తిరగేశాడు.

"నా పాత పేపర్లన్నీ తప్పంటాండావామ్మా?"

"తప్పని కాదు సార్. అణువు జోరుగా తిరిగితే సరిపోదంటాండాను."

"ఈడ పెట్టిపో. సూస్తాను."

చూడలేదు. థీసిస్ మీద సంతకమూ పెట్టలేదు. రెండేళ్లు ఆయన గది చుట్టూ తిరిగి, ఫెలోషిప్ ఆగిపోయాక, ఆమె మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది.

నాలుగేళ్ల తర్వాత కుప్పం నుంచి జాహ్నవి ఫోన్ చేసింది. ఆ ల్యాబులో శోభారాణి తర్వాత చేరిన పిల్ల.

"అక్కా, సార్ పేపర్ వచ్చిండాది. నీ పట్టిక మాదిరే ఉండాది, సూడు."

మాదిరి కాదు, అదే. నాలుగో దశాంశం దాకా అవే అంకెలు. రచయితలు రామచంద్రప్ప, ఇంకో కొత్త విద్యార్థి. ఆఖరున కృతజ్ఞతల్లో ఒక్క వాక్యం: కంప్యూటర్ పనిలో సాయపడినందుకు శోభారాణికి ధన్యవాదాలు.

ఆ పేపర్ అచ్చేసిన పరిశోధన పత్రికకు, ఆ పని తనదని ఆమె రాసింది. విశ్వవిద్యాలయాన్ని అడగమన్నారు. అక్కడి విచారణ కమిటీ ముందుకు తొమ్మిది నోటుపుస్తకాలు మోసుకెళ్లింది. గైడు సంతకం లేని నోట్సు సాక్ష్యం కాదన్నారు. ల్యాబు కంప్యూటర్‌లో ఆమె ప్రోగ్రాం ఉన్న ఖాతాను ఎప్పుడో తీసేశారట.

"మీ సాయాన్ని గుర్తించారు కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు కమిటీ పెద్ద.

ఇంటికొచ్చి చెప్పింది. ఆదెమ్మ ఆవుకు మేత వేస్తూ వింది.

"అంత మాటంటే యాల ఊరకొస్తివి?"

"ఆడ నా మాట ఇనేవాళ్లు ఎవురుండారమ్మా?"

మర్నాడు పత్రికకు ఇంకో ఉత్తరం రాసింది, ఆ ధన్యవాదాల్లోంచి తన పేరు తీసేయమని. దానికెవరూ సాక్ష్యం అడగలేదు. వారం తిరక్కుండా తీసేశారు.