ఫొటో కోసం దిగిపోయిన డ్రైవరు

నా చిన్నప్పుడు నమ్మిన అబద్ధాన్నే ఈ ముసలితనంలో, మనవరాలుండే ఐర్లండులో, నేస్ అనే ఊళ్లో గోడకు తగిలించి చూపించారు. మా తాతయ్య నడిపిన పందెం కారును ఆయన దొర నడిపాడట.

పాత కార్ల ప్రదర్శన అది. ఫొటోలో దొర స్టీరింగు ముందు కూర్చున్నాడు. మా తాతయ్య నూనెగుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. కింద దొర పేరు, గెలిచిన డ్రైవరన్న బిరుదు. మా తాతయ్యకు పేరే లేదు, నౌకరట! ఆ కాలంలో పందెం ముగియగానే నడిపినవాడు దిగిపోవాలి, యజమాని ఎక్కి కూర్చోవాలి, అప్పుడే ఫొటో. అదీ వాళ్ల మర్యాద! ఆ దొరది ఈ ఐర్లండే. సేలం కొండల్లో కాఫీ తోటలుండేవి.

మా తాతయ్య మొదట మోటారు సైకిళ్ల పందేల్లో దిగాడు. ఒకసారి పల్టీ కొట్టి ఎముక విరిగి, కుడిభుజం శాశ్వతంగా జారిపోయింది. ఆ తరువాతే కొండదారి పందేల్లో దొరగారి కారు నడిపాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఇదే ఫొటో మా ఇంట్లో ట్రంకుపెట్టెలో దొరికింది.

"నువ్వెక్కడ నడిపావు తాతయ్యా? దొర కదా కూర్చున్నాడు! కోతలు కోస్తావు," అని వెక్కిరించాను.

ఆయన కోప్పడలేదు. తిన్న కంచం కడుక్కొచ్చి, రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"కూర్చోరా పక్కన. కొండెక్కుదాం."

మొదటి మలుపులో ఎర్రమట్టి జారుతుందంటూ కంచాన్ని మెల్లగా తిప్పాడు. మూడోది లోయ అంచున. అక్కడ గేరు తగ్గించి, నోటితోనే ఇంజను గొంతు మార్చాడు. ఏడోది చూడటానికి కుడికి పోతున్నట్టే ఉంటుంది, తీరా బండరాయి దాటాక ఎడమకు విరుగుతుంది. పదిహేను మలుపులు, ఒక్కటీ తడుముకోలేదు. పైకి చేరేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. నేను చాప అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాను.

"నడిపినవాడికి దారి చేతుల్లో ఉంటుందిరా," అన్నాడు.

ఆ పదిహేను మలుపులూ నాచేత వల్లె వేయించాడు. బడి చదువు నాకు అబ్బలేదు. ఎక్కాలు మరిచాను గానీ అవి మరవలేదు.

నేస్‌లో ఆ ఫొటో ముందు నేను గొంతెత్తేసరికి మనవరాలు చెయ్యి పట్టుకు లాగింది. "తాతా, ప్లీజ్! ఇట్స్ గ్రాండ్, లీవ్ ఇట్." ఇక్కడ గ్రాండంటే ఫరవాలేదని.

"ఏమిటే గ్రాండు, నా బొంద! మా తాతను నౌకరన్నారే!"

ప్రదర్శన నడిపే పెద్దమనిషి నవ్వుతూ, ఆధారం ఉందా అని అడిగాడు. దొర మాటకు అడగని ఆధారం మా తాతయ్య మాటకు కావలసి వచ్చింది! నా అంతట నేను నేర్చుకున్న ఇంగ్లీషులో పదిహేను మలుపులూ రాసి ఆయనకు మూడు ఉత్తరాలు పంపాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ ఫొటో ఇచ్చింది దొర మనవరాలని, ఆమె అత్లోన్ అనే ఊళ్లో ఉంటుందని ఫొటో కింది చీటీలో ఉంది. ఆమె చిరునామా వెతికించి, ఒకే ప్రశ్న రాశాను: ఏడో మలుపు ఎటు తిరుగుతుందని మీ తాతగారు చెప్పేవారు?

మా తాతయ్య నాకిచ్చిన ఆస్తి ఆ పదిహేను మలుపులే. ఆయన పడని కోపాన్ని కూడా ఇన్నేళ్లూ నేనే మోస్తున్నాను. నెల తరువాత ఆమె జవాబు వచ్చింది.

"మా తాతయ్యకు కారు నడపడం రాదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ప్రదర్శనకు ఫొటో తీసుకెళ్లినవాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు."